గాలిని మూట కట్టిన కథ

జరగని పనికి మనవాళ్ళు "గాలిని మూట కట్టినట్టు" అని ఓ సామెతలాంటి మాట వాడుతూంటారు. ఆ మాటకొస్తే మన భాషలో గాలికి పాపం ఎక్కడా పరువు లేదు. పనికిమాలిన మాటలు గాలికబుర్లు. కట్టని ఇళ్ళు గాలిమేడలు. ఇల్లు పట్టని కుర్రాడు గాలి తిరుగుళ్ళు తిరుగుతాడు. ఇంత చులకనగా చూసిన ఆ గాలినే రోడ్డు పక్కన పాకలో కూర్చున్న పంక్చర్ షాపువాడు రోజూ మూట కడుతున్నాడు, మూటవిప్పి అమ్ముతున్నాడు, ఆ డబ్బుతో సంసారం ఈదుతున్నాడు. సామెత పుట్టించిన పెద్దలు ఆ పాక ముందు ఓ అయిదు నిమిషాలు నిలబడితే తమ మాట వెనక్కి తీసుకునేవారేమో!

ఆ మూట కట్టే యంత్రం పేరు కంప్రెసరు. మా వైపు "గాలిమిషను" అంటారు. మా వైపు అంటే కోనసీమలో ఐ.పోలవరం. పోలవరం అనగానే "ఆహా, ప్రాజెక్టు కడుతున్నారే, అదేనా?" అని అడుగుతారు చాలామంది. కాదండీ. ఆ పోలవరం గోదావరి కొండలు దాటి మైదానంలోకి దిగే చోట వుంది. మాది అదే గోదావరి సముద్రంలో కలిసేముందు గౌతమిగా పారే చోట వుంది. ఇటు మురమళ్ళ, అటు ఎదుర్లంక, ఎదుర్లంక అవతలి వొడ్డున యానాం. ఆ అక్షరం ముందు తగిలించకపోతే ఉత్తరాలు తిన్నగా చేరవు.

మా పెద్దక్కయ్యగారి ఊరు అది. మా బావగారు రోడ్డు పక్కన సైకిలు షాపు పెట్టి, తరవాత లారీల, ట్రాక్టర్ల టైర్లకి పంక్చర్లు వేసేవారు. ఆయన పోయాక ఆ షాపు మా మేనల్లుడి చేతికొచ్చింది. షాపుతోపాటు ఓ మూల గోనెగుడ్డ కప్పుకున్న పాత గాలిమిషను కూడా వచ్చింది. నేను ఐ.టి.ఐ.లో పిల్లలకి ఫిట్టరు పని నేర్పి రిటైరైన వాణ్ణి. "మావయ్యా, నాన్నగారి మిషను మళ్ళీ తిప్పిద్దామండి. కొత్తది కొనాలంటే అప్పు చెయ్యాలి" అన్నాడు వాడు. ఆ పని మీద నెల్లాళ్ళు అక్కడున్నాను. ఆ నెల్లాళ్ళలో చేతులు పని చేస్తూంటే బుర్ర మాత్రం ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాల చుట్టూ తిరుగుతూ వుండేది. అదే మీకు చెబుదామని ఈ నాలుగు మాటలూ.

* * *

గాలిని వొత్తి వాడుకోవడం మనిషికి కొత్తకాదు. మన కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి చూశారా? అదే ఈ వంశానికి మూలపురుషుడు. తిత్తి తెరిస్తే గాలి లోపలికి, మూస్తే గొట్టంలోంచి నిప్పులోకి. లోపలికొచ్చిన గాలి వచ్చిన దారినే పోకుండా ఓ తోలుముక్క తలుపులా పడుతుంది. ఇవాళ కంప్రెసరు తలలో వుండే ఉక్కు వాల్వు చేసే పని సరిగ్గా అదే. వేలయేళ్ళ తరవాత కూడా కిటుకు మారలేదు, తోలు పోయి ఉక్కు వచ్చిందంతే. హార్మోనియం పెట్టె కూడా ఈ కుటుంబంలోదే. ఒకడు నాగలికర్రు సాగదీశాడు, ఇంకొకడు రాగం సాగదీశాడు.

క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసీబియస్ అనే గ్రీకు పండితుడు వుండేవాడు. మంగలివాడి కొడుకు అంటారు. ఆయన సిలిండరు, పిస్టను పెట్టి గాలిపంపు చేశాడు, ఆ గాలితో వాద్యం పలికించాడు. ఆ తరవాత చాలా శతాబ్దాలు ఆ విద్య అలాగే నిద్రపోయింది.

1650 ప్రాంతాల జర్మనీలో మాగ్డెబర్గు నగరాధ్యక్షుడు ఆటోవాన్ గెరిక్ గాలిని తోడేసే పంపు చేశాడు. రెండు రాగి అర్ధగోళాలు మూతికి మూతి ఆనించి, లోపలి గాలి తోడేసి, 1657లో రెండువైపులా ఎనిమిదేసి గుర్రాలు కట్టి లాగించాడు. పదహారు గుర్రాలూ చెమటలు కక్కాయేగాని గోళాలు వూడిరాలేదు. వాటిని పట్టుకున్నది జిగురు కాదు, బయటి గాలి బరువు! ఆ బరువు చదరపు అంగుళానికి సుమారు పద్నాలుగున్నర పౌన్లు. మన అరచేతి మీద ఎప్పుడూ నూరు కిలోల గాలి కూర్చుని వుంటుంది. కిందనించీ అంతే వొత్తుతుంది కనక మనకి తెలియదు. 1662లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ గాలిని సగం చోటులోకి కుక్కితే వొత్తిడి రెట్టింపవుతుందని లెక్క తేల్చాడు. పంక్చర్ షాపు వ్యాపారమంతా ఈ ఒక్క ముక్క మీద నడుస్తోంది.

తరవాత ఇనప కొలుముల కాలం. 1776లో జాన్ విల్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇనప వర్తకుడు వాట్ చేసిన ఆవిరియంత్రాన్ని తన కొలిమికి గాలి వూదడానికి పెట్టాడు. తోలుతిత్తి కాలం చెల్లిందని అప్పుడే తేలిపోయింది.

అయినా గాలికి లోకం నమస్కారం పెట్టింది మాత్రం ఆల్ప్సు కొండల్లో. ఫ్రాన్సు నించి ఇటలీకి రైలు వెళ్ళడానికి మాంట్ సెనిస్ దగ్గర కొండ తొలవాలి. దాదాపు పదమూడు కిలోమీటర్లు. 1857లో పని మొదలుపెట్టారు. సుత్తీ ఉలీ పట్టుకుని పోతే పాతికేళ్ళ పైమాటే అని అంచనా. ఆవిరియంత్రం లోపల పెడదామంటే పొగతో మనుషులు చచ్చిపోతారు. జెర్మెయిన్ సొమ్మెయిలర్ అనే ఇంజనీరు కొండవాగుల నీటిబలంతో బయట గాలిని వొత్తి, గొట్టాల్లో లోపలికి పంపి, ఆ గాలితో 1861 నించి రాతిలో తమర్లు వేయించాడు. ఇందులో ఇంకో సొగసు వుంది. పనిచేసి బయటికొచ్చిన గాలే లోపలి కూలీలకి వూపిరి! 1870 డిసెంబరులో రెండువైపులనించి తొలుచుకొచ్చినవాళ్ళు మధ్యలో కలుసుకున్నారు. 1871 సెప్టెంబరులో సొరంగం తెరిచారు. పాపం సొమ్మెయిలర్ అంతకు రెండు నెలల ముందే, జులైలో, కన్నుమూశాడు.

పత్రికలు చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకి ఓ కబురు. ఆ సొరంగం గురించి ఓ పత్రికలో వ్యాసం చదివి, అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ అనే పాతికేళ్ళు నిండని కుర్రవాడు "అంతదూరం గొట్టంలో పోయి రాతిని తొలిచే గాలి, రైలు పెట్టెల బ్రేకులు వెయ్యలేదా?" అనుకున్నాట్ట. 1869లో గాలిబ్రేకుకి పేటెంటు పుచ్చుకున్నాడు. అంతకుముందు పెట్టె పెట్టెకీ ఓ మనిషి నిలబడి చక్రం తిప్పి బ్రేకు వేసేవాడు. జారిపడి పోయినవాళ్ళు పోయేవారు.

పారిస్ వాళ్ళు ఇంకో ముచ్చట చేశారు. 1880 ప్రాంతంలో వీధుల కింద గొట్టాలు వేసి, నిమిషానికోసారి గాలి వూది, ఊళ్ళో గడియారాలన్నీ ఒక్కలా నడిపించారు. 1910 జనవరిలో సేన్ నదికి వరదొచ్చి కంప్రెసర్ల ఇల్లు మునిగింది. ఆ గడియారాలన్నీ ఒకే నిమిషం మీద ఆగిపోయాయి. గోదావరి వరదలు తెలిసిన మనకి ఆ దృశ్యం వూహించుకోవడం కష్టం కాదు.

గాలి మంచిదే గాని పగబడితే పామే. అమెరికాలో నదుల అడుగున వంతెన పునాదులు తవ్వడానికి పెద్ద పెట్టెల్లోకి గాలి వొత్తి, నీళ్ళని బయటకి నెట్టి, మనుషుల్ని దింపేవారు. 1870 ప్రాంతంలో సెయింట్ లూయీ వంతెన దగ్గర ఆ వొత్తిడిలోంచి గబగబా పైకొచ్చిన కూలీలు కీళ్ళు మెలితిరిగి, పదిమందికి పైగా చనిపోయారు. బ్రూక్లిన్ వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగు అదే జబ్బుతో మంచం పడితే, ఆయన భార్య ఎమిలీ లెక్కలు నేర్చుకుని, భర్త మాటలు ఇంజనీర్లకి అందిస్తూ ఏళ్ళ తరబడి పని సాగించింది. 1883లో వంతెన పూర్తయింది. వొత్తిడిలో వున్నదాన్ని నెమ్మదిగా వదలాలి. అది వంటికైనా, యంత్రానికైనా, ఆ మాటకొస్తే కోపానికైనా సరే.

* * *

మన పంక్చర్ షాపుకి అసలు పెట్టుబడి పెట్టినవాడు మాత్రం ఓ పశువుల డాక్టరు. బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ అనే ఆయన కొడుకు మూడుచక్రాల బండి రాళ్ళ మీద కుదిపేస్తోందని, 1888లో రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అంతకు నలభైయేళ్ళ ముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఈ ఆలోచనకే పేటెంటు తీసుకున్నాడు. అప్పటికింకా సైకిళ్ళు రాలేదు కనక ఎవరూ పట్టించుకోలేదు. బుర్రకి ముందు రోడ్డు రావాలి కాబోలు.

మన దేశంలో గాలిమిషన్లు చాలాకాలం ఓడల్లో దిగినవే. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ చెయ్యడం మొదలైంది. పూనాలో కిర్లోస్కర్ న్యూమాటిక్ 1958లో, కోయంబత్తూరులో ఎల్జీ కంపెనీ 1960లో మొదలయ్యాయి. ఈ కోయంబత్తూరు విషయంలో మనం కొంచెం కాలరు ఎగరేసుకోవచ్చు. ఆ ఊరి పరిశ్రమలు పెంచినవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళు చాలామంది వున్నారు. జి.డి.నాయుడుగారి పేరు వినే వుంటారు. 1893లో పుట్టి, చదువు అబ్బక, 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒక్క బస్సు తోలడంతో మొదలెట్టి పెద్ద సంస్థ నిలబెట్టాడు. 1937లో ఆయనా, బాలసుందరం నాయుడుగారూ కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. ఆంధ్రదేశంలో పొలాల్లో మోటార్లూ, ఊళ్ళలో గాలిమిషన్లూ చాలాభాగం ఆ ఊరునించి వచ్చినవే.

కోనసీమకి ఈ యంత్రం ఆలస్యంగానే వచ్చింది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మాకు రోడ్ల కంటే కాలవలే ముద్దు. ధాన్యం పడవమీద, కొబ్బరి పడవమీద, పెళ్ళికూతురు పడవమీద. పడవకి టైరు లేదు, పంక్చరు లేదు. తరవాత గట్లమీదికి సైకిళ్ళొచ్చాయి. సైకిలుకి చేతిపంపు చాలు. కొబ్బరికాయల ఎగుమతికి లారీలు, చేలోకి ట్రాక్టర్లు దిగాకే మా బావగారిలాంటివాళ్ళకి గాలిమిషను అవసరం పడింది. లారీ టైరుకి నూరు పౌన్ల పైన గాలి కావాలి. చేతిపంపుతో ఎక్కించాలంటే కొట్టేవాడి ప్రాణాలే ముందు పైకెక్కుతాయి. ఎదుర్లంక దగ్గర గౌతమి దాటడానికి పంటి వున్న రోజుల్లో, పంటి కోసం ఆగిన లారీలవాళ్ళు ఆ ఆగడంలో టైర్లు చూపించుకునేవారు. ఇప్పుడు అక్కడ బాలయోగి గారి పేర వంతెన వుంది. బళ్ళు ఆగకుండా పోతున్నాయి.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను మీకు గుర్తుండే వుంటుంది. మా ప్రాంతంలో కొబ్బరితోటలు దువ్వెన విరిగినట్టు విరిగిపోయాయి. బావగారి షాపు రేకులు ఎగిరిపోయాయి. గాలిమిషను మాత్రం వున్నచోటే వుంది. "బయటి గాలి దాన్నేం చేస్తుందిరా, అది గాలిని తిన్న రకం" అనేవారాయన నవ్వుతూ.

* * *

ఇంతకీ ఆ మిషను సంగతి. గోనెగుడ్డ తీస్తే పేరు రాసిన ఇత్తడిబిళ్ళ అరిగిపోయి అక్షరం కనబడలేదు. ఇంగ్లీషు వి అక్షరంలా రెండు పోతఇనుము సిలిండర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండిటి మధ్య రెక్కల గొట్టం. కింద పడుకోబెట్టిన రెండువందల ఇరవై లీటర్ల ట్యాంకు. పక్కన మూడు హార్సుపవరు మోటారు.

ఇద్దరు అన్నదమ్ముల్లా ఆ రెండు సిలిండర్లు దేనికంటారా? గాలిని వొత్తితే వేడెక్కుతుంది. సైకిలుపంపు కొట్టినవాళ్ళకి ఆ మొన ఎలా చురుక్కుమంటుందో తెలుసు. ముప్ఫై డిగ్రీల గాలిని ఒక్క దెబ్బలో ఎనిమిదోవంతు చోటుకి సరిపడే వొత్తిడికి తెస్తే, లెక్క ప్రకారం రెండువందల డెబ్బై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఆయిలు మాడి మసై, వాల్వులకి పట్టి, వొక్కోసారి అంటుకుంటుంది కూడా. అందుకని పెద్దన్న సగం వొత్తి, రెక్కల గొట్టంలో చల్లార్చి, తమ్ముడికిస్తాడు. అప్పుడు ఏ అంచెలోనూ నూటనలభై దాటదు. కరెంటూ కలిసొస్తుంది. ఉమ్మడికుటుంబంలో వున్న సుఖం ఇదే.

పంపు విప్పాం. పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. సుత్తి పుచ్చుకోబోయాడు మావాడు. "ఆగరా, పోతఇనుముకి కోపమెక్కువ" అని, కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, నాలుగు రోజులు నానబెట్టి, కొయ్యముక్క ఆనించి చిన్న చిన్న దెబ్బలు వేశాం. అయిదోరోజు కదిలింది. బోరు బావుంది. గీతలు పడలేదు. కాకినాడ నించి కొత్త రింగులు తెప్పించాం. వాల్వు పలకలు అద్దం మీద సన్నటి పేస్టు వేసి నున్నగా అరగదీశాం. ప్యాకింగులు కాగితం మీద గీసుకుని మేమే కత్తిరించాం. రెక్కల గొట్టంలో పేరుకున్న మసి కాస్టిక్ సోడాతో కడిగి, నీళ్ళు పోసి, ఎండబెట్టాం. ఇలాంటిచోట పెట్రోలుతో కడగడం చాలామందికి అలవాటు. తడి మిగిలిపోయి, వేడిగాలి తగిలిందంటే అది కంప్రెసరు కాదు, బాంబు. మోటారుకి కొత్త చుట్టు చుట్టించాం. పుల్లీ రెండూ ఒకే వరసలో వున్నాయా అని పురికోస పట్టి చూశాం. ఫ్యాను రెక్కలు గాలిని సిలిండర్ల మీదకి విసిరేటట్టు తిరగాలి. తిరగబడి తిరిగితే మూడు ఫేజుల్లో ఏ రెండు వైర్లయినా అటూ ఇటూ మారిస్తే సరి.

ఇంక ట్యాంకు మిగిలింది. "ట్యాంకుకేం మావయ్యా, గుండులా వుంది. రంగేసేద్దామండి" అన్నాడు మావాడు. నిజమే, బయట గుండులాగే వుంది. మరి లోపలో?

కోనసీమ గాలి ఎలాంటిదో మీకు తెలుసు. చొక్కా ఉతికి ఆరేస్తే వానాకాలంలో రెండోరోజుకి గాని ఆరదు. ఘనపు మీటరు గాలిలో పాతిక గ్రాముల దాకా నీరు ఆవిరిగా దాక్కుని వుంటుంది. ఆ గాలిని ఎనిమిదోవంతుకి నొక్కి చల్లారిస్తే, మూడు నాలుగు గ్రాముల నీటికే అందులో చోటు. మిగతా ఇరవై గ్రాములూ నీళ్ళై ట్యాంకు అడుక్కి దిగుతాయి. గంటకి పది ఘనపు మీటర్లు మింగే మిషను గంటకో గ్లాసుడు నీళ్ళు తాగుతుందన్నమాట. ఆ నీళ్ళు వదలడానికే ట్యాంకు అడుగున చిన్న కుళాయి వుంటుంది. బావగారు వున్నన్నాళ్ళూ సాయంత్రం కొట్టు కట్టేముందు అది విప్పేవారు. ఆయన మంచానపడ్డాక రెండేళ్ళు మిషను నడిచిందిగాని కుళాయి విప్పిన చెయ్యి లేదు.

అందుకని నీళ్ళ పరీక్ష చేద్దామన్నాను. ట్యాంకు నిండా నీళ్ళు పోసి, గాలిబుడగ లేకుండా చేసి, గొట్టాలు పరీక్షించే చేతిపంపుతో వొత్తిడి పెంచాలి. వాడేది నూటయాభై పౌన్లయితే దానికి ఒకటిన్నర రెట్లు, రెండువందల పాతిక దాకా పట్టి చూడాలి. "గాలితోనే చూడొచ్చుగా, నీళ్ళెందుకండి?" అన్నాడు మావాడు. మంచి ప్రశ్న. నూటయాభై పౌన్ల గాలి నిండిన ఆ ట్యాంకులో ఓ టన్ను బరువున్న కారుని కొబ్బరిచెట్టు తల దాటించి ఎగరెయ్యగల శక్తి వుంటుంది. అదే వొత్తిడిలో నీళ్ళలో దాగే శక్తి ఎంతంటే, అయిదారు కిలోల బియ్యం సంచిని గజం ఎత్తు లేపడానికి సరిపోతుంది, అంతే. గాలి స్ప్రింగులా నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. నీళ్ళతో ట్యాంకు చిట్లితే కాళ్ళు తడుస్తాయి. గాలితో చిట్లితే కాళ్ళే వుండవు.

పంపు కొట్టాం. నూరు. నూటయాభై. ముల్లు నిలబడింది. మావాడి మొహం వెలిగింది. నూటడెబ్బై దగ్గర ట్యాంకు అడుగున, ఓ జానెడు మేర, చెమట పట్టింది. తుడిచాం. మళ్ళీ పట్టింది. ముల్లు నెమ్మదిగా కిందకి జారింది.

"నేను నూటఇరవై దాటి వాడను మావయ్యా. నూటడెబ్బై దాకా ఆగిందిగా! పైన ఓ ముక్క వెల్డింగు కొట్టిస్తే సరిపోతుంది" అన్నాడు.

వాడి బాధ నాకు తెలుసు. కొత్త ట్యాంకంటే డబ్బు. అది కాక వాళ్ళ నాన్న చెయ్యి పడిన ట్యాంకు. అయినా చెప్పక తప్పదు. ఇవాళ నూటడెబ్బైకి చెమర్చింది. తుప్పు సెలవు పెట్టదు, వచ్చే ఏడాదికి ఎంతకి చెమరుస్తుందో ఎవరికి తెలుసు? చిల్లు దగ్గర మూసినంత మాత్రాన దాని చుట్టూ సన్నబడ్డ రేకు లావెక్కదు. పద్దెనిమిది అంగుళాల అడ్డకొలత వున్న ట్యాంకు మూత మీద నూటయాభై పౌన్లంటే మొత్తం పదిహేడు టన్నుల తోపు. "గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ" అన్నట్టుంటుంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 31వ సెక్షను ఇలాంటి వొత్తిడి పాత్రల జాగ్రత్త కోసమే రాశారు. పంక్చరు పాక ఫ్యాక్టరీ కాకపోవచ్చు, ఇనుముకి ఆ తేడా తెలీదు. వొత్తిడి అంటే ఏమిటో కోనసీమవాళ్ళకి వేరే చెప్పాలా? 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసుబావి ఎగదన్ని అంటుకుంటే, అరవైయైదు రోజులు మండింది.

వాడు వినలేదు, నేను వదల్లేదు. రెండురోజులు మామా అల్లుళ్ళం ముభావంగానే అన్నాలు తిన్నాం. మూడోనాడు మజ్జిగ వడ్డిస్తూ అక్కయ్య అంది: "మీ నాన్న ఆ ట్యాంకుని ఎప్పుడూ నమ్మలేదురా. అందుకే రోజూ సాయంత్రం కుళాయి విప్పి చూసుకునేవారు. నమ్మినవాడివి నువ్వు." అంతే, ఇంకో మాట అనలేదు.

మర్నాడు వాడే గ్యాసుకట్టరు తెప్పించి ట్యాంకు నిలువునా కోయించాడు. పైభాగంలో రేకు అయిదు మిల్లీమీటర్లు, కొత్తదానిలా వుంది. అడుగున గవ్వలు పరిచినట్టు గుంటలు. కాలిపర్సు పెట్టి చూస్తే ఓ గుంట దగ్గర రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మావాడు ఆ గుంటలో వేలు పెట్టి చాలాసేపు చూశాడు. వాడి మూడేళ్ళ కూతురు రోజూ ఆ ట్యాంకు పక్కనే కూర్చుని బొమ్మలాడుకుంటుంది.

కొత్త ట్యాంకు పరీక్ష కాగితంతో సహా కొన్నాడు. పాత పంపుని దాని మీదకెక్కించాం. గంటసేపు వొత్తిడి లేకుండా వూరికే తిప్పి, ఆయిలు మార్చి, తరవాత మూత బిగించాం. ఖాళీ ట్యాంకు నూటఇరవై పౌన్లకి ఏడు నిమిషాల్లో నిండింది. ఆ ఏడు నిమిషాలనీ గోడమీద సుద్దతో రాయించాను. ఎప్పుడైనా అది తొమ్మిదీ పదీ అయిందంటే రింగులో, వాల్వులో ఎక్కడో అరిగాయన్నమాట. డాక్టరు జ్వరం కాగితం రాసుకున్నట్టే. సగం కోసిన పాత ట్యాంకు పైభాగం ఇప్పుడు అక్కయ్య గేదెలకి కుడితితొట్టి.

* * *

గాలిమిషను వున్నవాళ్ళకి నాలుగు మాటలు. ఇవి మా మేనల్లుడి గోడమీద కూడా వున్నాయి.

రోజూ సాయంత్రం అడుగుకుళాయి విప్పి నీళ్ళు వదలండి. కాస్త గాలి పోతుందని ఏడవకండి. ఆయిలు వారానికోసారి చూడండి, కంప్రెసరు ఆయిలే పొయ్యండి, కార్లలోంచి తీసిన నల్ల ఆయిలు పొయ్యకండి. గాలి పీల్చే చోట వుండే ఫిల్టరు నెలకోసారి దులపండి. కొబ్బరిపీచు ధూళి మన ఊళ్ళలో ఎక్కువ. బెల్టు వేలితో నొక్కితే అరంగుళం దిగాలి. బెల్టుకి జాలీ మూత లేనిదే మిషను తిప్పకండి, పంచె కొంగూ చీర కొంగూ దానికొక్కటే. సేఫ్టీవాల్వు రింగు వారానికోసారి లాగి చూడండి. బుస్సుమనకపోతే అది పడుకుందన్నమాట. మాటిమాటికీ బుస్సుమంటోందని దాన్ని బిగించేసే మహానుభావులు వున్నారు. అలాంటివాళ్ళ షాపు ముందు బండి ఆపకండి. లారీచక్రానికి రింగు సరిగా కూర్చుందో లేదో చూడకుండా గాలి పెట్టకండి, ఎదురుగా నిలబడకండి. అన్నిటికంటే ముఖ్యం, గాలిగొట్టంతో పరాచికాలు వద్దు. సరదాకి మనిషి వంటిమీద పెట్టి ప్రాణాలు తీసిన సంఘటనలు వున్నాయి.

టెసీబియస్ నించి సొమ్మెయిలర్ దాకా మహానుభావులందరూ గాలిని మూట కట్టడం ఎలాగో చెప్పారు. మూట ఎప్పుడు విప్పాలో తెలిసినవాడే దాన్ని ఎక్కువకాలం మోస్తాడు. ఐ.పోలవరంలో ఇప్పుడు సాయంత్రం దీపాలవేళ ఆ షాపు ముందునించి వెడితే "చుస్స్" అని ఓ చప్పుడు వినిపిస్తుంది. నాలుగు చుక్కల తుప్పునీళ్ళు నేలమీద పడతాయి. ఆ చప్పుడు వినబడిన రోజు ఆ పిల్ల బొమ్మలాటకి భయం లేదు.